పాలపళ్లే కదా అని వదిలేస్తే పిల్లలకే బాధ

పాలపన్ను ఊడితే పేడ ముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరడం మన పల్లెల్లో అలవాటు. ఊడిన పన్నుకు ఇంత మర్యాద చేస్తాం గానీ, నోట్లో ఉన్న పన్ను పుచ్చితే "పాలపళ్లే కదా, ఎట్లాగూ ఊడేవే" అని ఊరుకుంటాం.

నేనూ అలాగే అన్నాను. ఐదేళ్ల మా పాప దవడ పన్ను నల్లబడితే పట్టించుకోలేదు. ఒకనాటి రాత్రి బుగ్గ వాచి, పిల్ల తెల్లవార్లూ ఏడ్చింది. లవంగ నూనె పెట్టాం. నొప్పి గోలీలు వేశాం. వాకుడు గింజల పొగ పట్టిస్తే పురుగులు రాలుతాయంటే అదీ చేశాం. పట్నం తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. పన్ను పీకేశారు.

అసలు పంటిలో పురుగు ఉండదు. తీపి తిన్నప్పుడల్లా నోట్లోని క్రిములు ఆమ్లాన్ని తయారు చేస్తాయి. అదే పన్నును తొలుస్తుంది. పాలపళ్లు 20. వాటిలో ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడినా, వెనక దవడ పళ్లు 10 నుంచి 12 ఏళ్ల దాకా ఉండాలి. ఐదేళ్లకే పుచ్చితే ఆ పిల్ల మరో ఐదారేళ్లు దేనితో నమలాలి? ముందుగా పీకేస్తే పక్క పళ్లు జరిగి, తర్వాత వచ్చే పన్నుకు చోటు మిగలదు.

జాగ్రత్తలకు పెద్ద ఖర్చేమీ లేదు. మొదటి పన్ను కనిపించిన నాటి నుంచే తోమాలి. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత శనగ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. ఇటుక పొడి, బొగ్గు వద్దు. పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టవద్దు. రాత్రి తోమాక ఏమీ తినిపించవద్దు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దలే దగ్గరుండి తోమించాలి.

పుచ్చిన పన్నునూ బాగు చేయవచ్చు. చిన్న గుంతను చేతి పనిముట్లతోనే శుభ్రం చేసి సిమెంటుతో పూడ్చవచ్చు. పుచ్చును ఆపే వెండి ఫ్లోరైడ్ మందూ ఉంది. అది పూస్తే పుచ్చిన చోటు నల్లబడుతుంది గానీ, యంత్రంతో తొలిచే పని ఉండదు. ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలకు చేసే పరీక్షల్లో పళ్లు కూడా ఉన్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అయితే జిల్లా కేంద్రానికి పొమ్మని చీటీ రాసిస్తే సరిపోదు. మిరప ఏరే తల్లి పిల్లను తీసుకుపోవాలంటే ఒకరోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు మీద పడతాయి. పలిమెల లాంటి మారుమూల మండలాల వారికైతే అది పూర్తిగా ఒకరోజు ప్రయాణం.

అందుకే నెలకొక రోజైనా దంతవైద్యుణ్ణి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. ఆ తేదీని అంగన్‌వాడీ గోడ మీద రాయించాలి. అధికారులు ఈ మాత్రం చేస్తే, పిల్లల పళ్లు ఊడే వయసు వచ్చాకే ఊడతాయి.