ఆ 22 ఏళ్ల సంగతేంటి?

2021 నవంబరులో రాజాచారి అంతరిక్షంలోకి వెళ్లగానే మన వాట్సప్ గ్రూపులన్నీ ‘మనోడే’ అంటూ మోగిపోయాయి. ఆయన తండ్రి ఇంజినీరింగ్ చదువు కోసం హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లారు కాబట్టి మనోడే, కాదనను. కానీ రాకెట్ ఎక్కేముందు ఆయన ఏం ఉద్యోగం చేసేవారో ఎంతమందికి తెలుసు? ప్లేస్‌మెంట్ల కోసం ఎదురుచూస్తున్న మన అనంతపురం అబ్బాయిలకి, అమ్మాయిలకి పనికొచ్చేది ఆ భాగమే అంటాను నేను.

చారి 1977లో మిల్వాకీలో పుట్టారు. 1999లో అమెరికా వైమానిక దళ అకాడమీలో ఆస్ట్రోనాటికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి అధికారి అయ్యారు. తర్వాత ఎంఐటీలో మాస్టర్స్. ఎఫ్-15ఈ ఫైటర్ నడిపి ఇరాక్ యుద్ధంలో పాల్గొన్నారు. టెస్ట్ పైలట్ శిక్షణ తీసుకున్నారు, ఎఫ్-35 విమానాలను పరీక్షించే దళానికి కమాండర్‌గా చేశారు. 2017లో నాసాకి 18,300 మందికి పైగా దరఖాస్తు చేస్తే తీసుకున్నది 12 మందిని. వాళ్లలో ఆయనొకరు. అధికారి అయ్యాక రాకెట్ ఎక్కడానికి 22 ఏళ్లు!

టెస్ట్ పైలట్ అంటే సినిమాలో చూపించే హీరో కాదు. కొత్త విమానం ఏ వేగంలో వణుకుతోంది, ఏ కోణంలో అదుపు తప్పుతోంది అనేది తనే నడిపి, కొలిచి, రిపోర్టు రాసి డిజైన్ ఇంజినీర్లకి ఇచ్చే మనిషి. మన భాషలో టెస్టింగే. కాకపోతే బగ్ వచ్చిందని రీస్టార్ట్ కొట్టే వీలుండదు. ఆ అనుభవానికి విలువెంతో చూడండి. క్రూ-3లో టామ్ మార్ష్‌బర్న్ అప్పటికే రెండుసార్లు అంతరిక్షానికి వెళ్లొచ్చారు. అయినా కమాండర్‌గా పంపింది తొలిసారి వెళ్తున్న చారిని. 1973 తర్వాత నాసా ఒక కొత్త వ్యోమగామికి ఆ బాధ్యత ఇవ్వడం అదే మొదలు. 177 రోజులు ఉండి, రెండుసార్లు స్పేస్‌వాక్ చేసి వచ్చారు.

మన దేశంలోనూ ఇదే దారి. రాకేశ్ శర్మ హైదరాబాద్ సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో, నిజాం కాలేజీలో చదివారు. ఎన్‌డీఏలో చేరి, 1971 యుద్ధంలో మిగ్-21 నడిపి, టెస్ట్ పైలట్ అయి, ఆ తర్వాతే 1984లో అంతరిక్షానికి వెళ్లారు. 2025 జూన్‌లో వెళ్లిన శుభాంశు శుక్లా, గగన్‌యాన్‌కి ఎంపికైన మిగతా ముగ్గురూ వైమానిక దళ టెస్ట్ పైలట్లే. వీళ్లెవరూ ‘వ్యోమగామి’ అనే ఖాళీ కోసం ఇంట్లో కూర్చుని ఎదురుచూడలేదు. ఇరవై రెండేళ్లకల్లా చేతిలో జీతమొచ్చే పని ఉంది.

నాసాకి అమెరికా పౌరసత్వం ఉండాలి, ఆ తలుపు మనది కాదు. మన తలుపులు మాత్రం 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి. ఒకవైపు వెళ్తే బెంగళూరు. వైమానిక దళ టెస్ట్ పైలట్ స్కూల్, గగన్‌యాన్ వ్యోమగాముల శిక్షణ కేంద్రం అక్కడే. రెండోవైపు వెళ్తే హైదరాబాద్, దగ్గర్లోనే దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. కోర్సుల కోసం, పీజీ హాస్టళ్ల కోసం మనవాళ్లు బస్సెక్కేది కూడా ఈ రెండు ఊళ్లకే కదా!

మా వైపు తెల్లారుజామున ఏ గ్రౌండ్‌కి వెళ్లినా కానిస్టేబుల్, అగ్నివీర్ ఉద్యోగాల కోసం పరిగెత్తేవాళ్లు కనిపిస్తారు. ఇంజినీరింగ్ పిల్లలు కనిపించరు. ‘మిలటరీ అంటే ఇంటర్‌తో పోయేదిలే’ అనేది ఇళ్లలో మాట. డిగ్రీతో నేరుగా అధికారి కావొచ్చని కాలేజీలు చెప్పవు. అసలు నా గొడవ ఇక్కడే. ఏఎఫ్ క్యాట్ ఏడాదికి రెండుసార్లు పెడతారు. ఇంటర్ ఎంపీసీలో మ్యాథ్స్, ఫిజిక్స్ ఒక్కోదాంట్లో 50 శాతం, డిగ్రీలో 60 శాతం ఉంటే ఫ్లయింగ్ బ్రాంచికి అర్హులే. అమ్మాయిలు కూడా. ఎంపికైతే శిక్షణలో ఏడాదిపాటు నెలకి రూ.56,100 స్టైపెండ్. వానల్లేక శెనక్కాయ పంట పోయిన ఏడాది బంగారం కుదువపెట్టి ఫీజు కట్టిన ఇంటికి అదెంత పెద్ద మాటో నేను చెప్పాలా?

చిక్కల్లా వయసుతోనే. కమర్షియల్ పైలట్ లైసెన్సు లేనివాళ్లకి ఫ్లయింగ్ పరిమితి 24 ఏళ్లు. బీటెక్ 21, 22కి అయిపోతుంది. ఆ తర్వాత ఒక కోర్సు, అది కుదరక ఇంకో కోర్సు, ‘వచ్చే నెల డ్రైవ్ ఉందంట’ అనే కబురు... ఇట్లా రెండేళ్లు తెలియకుండా గడిచిపోతాయి. సాఫ్ట్‌వేర్ వద్దని చెప్పట్లేదు, నా కూడు కూడా అక్కడిదే. ఫైనలియర్‌లో ఉండగానే ఈ పరీక్ష కూడా ఒకటి రాసిపెట్టుకోండి అంటున్నా.

‘అన్నా, మన ఇంగ్లిష్‌తో ఇంటర్వ్యూ అయ్యే పనేనా’ అని అడిగేవాళ్లుంటారు. ఎంపిక బోర్డు దగ్గర ఐదు రోజులు ఎక్కువగా ఇంగ్లిష్‌లో నడుస్తుంది. రోజూ కాసేపు నలుగురితో మాట్లాడితే వచ్చే భాషే అది. యాసకి భయపడొద్దు, తడబడకుండా విషయం చెప్పడం నేర్చుకోండి. అంతకన్నా జాగ్రత్త పడాల్సింది పైలట్ నైపుణ్య పరీక్ష విషయంలో. అది జీవితంలో ఒక్కసారే. ‘ఊరికే చూసొద్దాం’ అని వెళ్లే పరీక్ష కాదు.

కోచింగ్‌కి డబ్బు కట్టేముందు కంటి డాక్టర్ దగ్గర చూపు, రంగుల గుర్తింపు పరీక్షలు చేయించుకోండి. అక్కడ తేడా వస్తే టెక్నికల్ బ్రాంచి నిబంధనలు తీసి చదవండి. దానికి 26 ఏళ్ల దాకా టైముంది.