మందూ – మాటా: పిల్లికి మాత్ర వేయడం ఎలా?



ఈ శీర్షికలో ఇంతవరకూ చక్కెర వ్యాధి, రక్తపుపోటు, పిల్లల వడదెబ్బ వగైరా విషయాలు ముచ్చటించుకున్నాము. ఈ నెల పిల్లిని గురించి రాయబోతున్నాము. "డాక్టరుగారికి ఎండ దెబ్బ గాని తగల్లేదు కదా" అనుకునేవారు కాస్త ఓపిక పట్టాలి. మన అల్ ఖౌద్‌లో ఇంట్లో పిల్లి లేని కుటుంబం ఉంటే ఉండవచ్చు గాని, గుమ్మం ముందు పిల్లి లేని కుటుంబం మాత్రం కనబడదు. నిలిపి ఉంచిన ప్రతి కారు కిందా నీడ చూసుకుని ఒకటి పడుకుని ఉంటుంది. ఇక్కడివారికి పిల్లి అంటే దయ. ప్రవక్త సహచరుల్లో ఒకరి పేరు అబూ హురైరా. పిల్లిపిల్ల తండ్రి అని ఆ పేరుకు అర్థం. ఆ దయ మన పిల్లలకూ అంటుకుంది. వీధి పిల్లి మొదట గుమ్మం దగ్గరకు, తర్వాత వంటింట్లోకి, ఆ తర్వాత సోఫా మీదకు వస్తుంది. ఒకనాడు దానికి జబ్బు చేస్తుంది. అప్పుడు మనవాళ్ళు మాకు ఫోను చేస్తారు.

ముందే ఒక మాట. మేము మనుషుల వైద్యులమే గాని పశువైద్యులం కాము. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది పశువైద్యుడే చెప్పాలి. ఆయన రాసిచ్చిన మందు పిల్లి పొట్టలోకి చేరడం మాత్రం ఇంటివాళ్ళ పని. ఫోను చేసేవారిలో ఎక్కువమంది అడిగేది ఆ రెండో సంగతే. "మందు తెచ్చాము డాక్టరుగారూ, వేసేదెలా?" అంటారు.

మా ఇంట్లోనూ ఒక పిల్లి ఉంది. అల్ ఖౌద్‌లో దొరికింది గనుక మా పిల్లలు ఖౌదయ్య అని పేరు పెట్టారు. కిందటి చలికాలంలో దానికి తుమ్ములు, కళ్ళ నిండా పుసి. పశువైద్యుడు చూసి డాక్సీసైక్లిన్ మాత్రలు, రోజుకొకటి చొప్పున 28 రోజులు వేయమన్నాడు. కళ్ళు నాలుగైదు రోజుల్లోనే తేటపడతాయనీ, అక్కడితో ఆపేస్తే జబ్బు మళ్ళీ తిరగబెడుతుందనీ హెచ్చరించాడు. పిల్లలు ఒక కాగితం మీద 28 గళ్ళు గీసి ఫ్రిజ్‌కి అంటించారు. ఒకరోజు మాత్ర మింగించగానే సరిపోదు. మర్నాడూ అదే పిల్లి, అదే చెయ్యి, అదే మాత్ర. చిక్కంతా అక్కడే ఉంది.

అసలు పిల్లి మందు ఎందుకు వద్దంటుంది? మన ఇళ్ళల్లో చేదు మందు బెల్లంలో పెట్టో, తేనెలో రంగరించో పిల్లలకు ఇస్తాము. పిల్లి దగ్గర ఆ ఉపాయం పారదు. దానికి తీపి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు పిల్లిలో చెడిపోయి ఉందని ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన సంస్థ వారు 2005లో కనుక్కున్నారు. పెద్దపులి, చీతాలలోనూ అంతే. కాబట్టి బెల్లం ముక్కా మట్టి ముక్కా దానికి ఒకటే. చేదు మాత్రం బాగా తెలుసు. చేదు తగిలితే నోటి వెంట నురగలు కక్కుతుంది. చూసినవారు విషం ఎక్కిందని హడలిపోతారు. చాలాసార్లు అది ఉత్త చేదు వల్ల వచ్చిన చొంగే, కాసేపట్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోయినా, ఊపిరికి ఇబ్బంది పడుతున్నట్టు కనిపించినా ఆలస్యం చేయక వైద్యుడికి చెప్పండి.

రెండో కారణం జ్ఞాపకం. దీన్ని మనకు తెనాలి రామకృష్ణుడు ఎప్పుడో చెప్పాడు. ఎలుకల బెడద పోవడానికి రాయలవారు ఇంటికొక పిల్లినీ, దాని పాలకు ఒక ఆవునూ ఇప్పించారట గదా. రామకృష్ణుడు మొదటి రోజే సలసల కాగే పాలు పిల్లి ముందు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె కనబడితే చాలు, పారిపోయేది. ఆవు పాలు రామకృష్ణుడి ఇంటిల్లిపాదికీ దక్కాయి. కథ విని నవ్వుకుంటాము గాని, అందులో వైద్యం ఉంది. ఒక్క గుక్కతో పిల్లి తనకు ప్రాణమైన ఆహారాన్ని వదిలేసింది. మనం కూడా దాని అన్నం గిన్నెలో చేదు మాత్ర నూరి కలిపితే అదే జరుగుతుంది. మందు తినదు సరికదా, ఆ అన్నం కూడా మానేస్తుంది. మందు చేదుని అది మరిచిపోవచ్చు గాని, మోసం చేసిన గిన్నెనూ, ఒడిసిపట్టిన చేతినీ మరిచిపోదు. కనుక రేపటి మాత్ర పాడవకుండా ఇవాళ్టి మాత్ర వేయాలి. పద్ధతులన్నిటికీ ఇదే మూలసూత్రం.

మొదట తేలిక పద్ధతి. తిండితో ఇవ్వవచ్చునా అని వైద్యుణ్ణి అడగండి. ఇవ్వవచ్చునంటే, దానికి ఎంతో ఇష్టమైనది ఏదైనా చిటికెడు తీసుకోండి. మా ఇంట్లో సీబ్ చేపల బజారు నుంచి తెచ్చిన వంజరం ముక్క పని చేసింది. ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి, మెదిపి, శనగగింజంత ఉండలు మూడు చేయాలి. మొదటిది ఉత్త ఉండ, నమ్మకం కోసం. రెండోదానిలో మాత్ర. అది మింగుతుండగానే మూడో ఉండ ముక్కు ముందు ఉండాలి. మూడోదాని తొందరలో రెండోదాన్ని నమలకుండా మింగేస్తుంది. దాని రోజువారీ గిన్నె జోలికి మాత్రం పోవద్దు. మన చేపల పులుసులోని ముక్క అసలే వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బ తీస్తాయి. పాలలో ముంచి ఇవ్వాలనుకునేవారికి మరో మాట. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. పైగా డాక్సీసైక్లిన్ వంటి మందు పాలతో కలిస్తే ఒంటికి పట్టేది తగ్గుతుంది.

ఈ ఉపాయం పారకపోతే నేరుగా వేయాలి. దీనికి ఇద్దరుంటే మేలు. ముందు మాత్రా, నీళ్ళ సిరంజీ సిద్ధం చేసుకోండి. పిల్లిని పట్టుకున్నాక మాత్ర కోసం వెతకడం మొదలుపెడితే పని చెడుతుంది. దాన్ని బల్ల మీద, వీపు మీ వైపు ఉండేట్టు కూర్చోబెట్టండి. గోళ్ళు భయమైతే మెడ వరకూ టవల్ చుట్టండి. బిగించకుండా, పసిబిడ్డకు చుట్టినట్టు. ఎడమచేత్తో తల పైనుంచి రెండు చెంపల ఎముకలూ పట్టుకుని ముక్కు ఇంటికప్పు వైపు తిరిగేలా ఎత్తండి. కింది దవడ దానంతటదే కొంచెం వదులవుతుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య మాత్ర ఉంచుకుని, నడిమివేలితో కింది ముందుపళ్ళ మీద నొక్కితే నోరు తెరుచుకుంటుంది. మాత్రను నాలుక మధ్యగా, వీలైనంత వెనక్కి జారవిడవండి. నాలుక కొసన వేస్తే అది తిరిగి మీ చొక్కా మీద పడుతుంది. నోరు మూసి, తల మామూలుగా దించి, గొంతు కింద నిమరండి. ముక్కు నాకిందంటే మింగినట్టు లెక్క. నాకకపోతే పుక్కిట్లో దాచుకుందేమో చూడండి.

మింగించాక నీళ్ళు తప్పనిసరి. పొడి మాత్ర పిల్లి అన్నవాహికలో చిక్కుకుపోవడం మామూలే. డాక్సీసైక్లిన్, క్లిండమైసిన్ అలా చిక్కుకుంటే అక్కడ పుండుపడి, మానాక గొట్టం ఇరుకైపోతుంది; తర్వాత పిల్లి అన్నమే మింగలేదు. కాబట్టి మాత్ర వెనకాలే సిరంజితో 5, 6 మిల్లీలీటర్ల నీళ్ళు, లేదా ఒక ముద్ద మెత్తని ఆహారం పడాలి. ఖౌదయ్యకు వేసిన ప్రతి మాత్ర వెనుకా నీళ్ళు పట్టే బాధ్యత మా పెద్దమ్మాయిది.

ద్రవం మందు అయితే పద్ధతి వేరు. తల వెనక్కి వంచకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సూది తీసేసిన సిరంజిని పక్కనుంచి, కోరపన్ను వెనకాల పుక్కిట్లోకి పెట్టి, కొంచెం కొంచెంగా పోస్తూ, మింగేదాకా ఆగుతూ పోయాలి. మాత్ర నూరి నీళ్ళలో కలపడం గాని, గొట్టం మాత్ర విప్పడం గాని వైద్యుణ్ణి అడగకుండా చేయవద్దు. కొన్ని మాత్రలకు పైపూత ఒక కారణంతోనే ఉంటుంది.

ఇవేవీ సాగకపోతే పంతాలకు పోవద్దు. మళ్ళీ పశువైద్యుణ్ణి కలవండి. ఒక్కసారి పొడిస్తే రెండు వారాలు పనిచేసే సూదిమందులున్నాయి. ముసలి పిల్లుల థైరాయిడ్ జబ్బుకు చెవి లోపలి చర్మానికి రాసే మందు ఉంది. అన్ని జబ్బులకూ ఈ వెసులుబాటు లేదు గాని, అడిగితే పోయేదేమీ లేదు. మూడు మాత్రలు వేసి, నాలుగోనాడు మానేసి, ఆ సంగతి వైద్యుడికి చెప్పకుండా ఉండడం అన్నిటికన్నా చెడ్డది.

ఇక చేయకూడనివి రెండు. జాగ్రత్తగా చదవండి, ఇవి ప్రాణం మీది సంగతులు.

"ఆకలేస్తే అదే తింటుంది, ఒకరోజు మాడ్చండి" అని సలహా ఇచ్చేవారున్నారు. లంఖణం పరమౌషధం అన్నది పిల్లికి చెల్లదు. రెండు మూడు రోజులు తిండి లేకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని కామెర్లు వస్తాయి. బొద్దుగా ఉన్న పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. జబ్బు చేసిన పిల్లి ఒక పూర్తి రోజు ఏమీ తినలేదంటే వైద్యుడికి కబురు చేయాల్సిందే.

రెండోది పారాసిటమాల్. ఇక్కడ పనడాల్ అనీ, ఇండియాలో క్రోసిన్, డోలో అనీ ప్రతి ఇంటి అలమరలోనూ ఉంటుంది. ఒళ్ళు వెచ్చగా ఉందని పిల్లికి అందులో సగం, పావు వేసేవారున్నారు. మన కాలేయం ఆ మందును విరిచి బయటకు పంపే దారి పిల్లి కాలేయంలో చాలా బలహీనం. రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. చిగుళ్ళు బురదరంగుకు తిరుగుతాయి, మొహమూ పాదాలూ వాస్తాయి. కిలో బరువుకు 10 మిల్లీగ్రాములకే విషలక్షణాలు కనబడిన సందర్భాలున్నాయి. నాలుగు కిలోల పిల్లికి ఒక 500 మిల్లీగ్రాముల బిళ్ళ వేస్తే కిలోకు 125 పడినట్టు. పొరపాటున తింటే లక్షణాల కోసం ఎదురు చూడకుండా పరుగెత్తండి. విరుగుడు ఉంది గాని వేళకు పడాలి. కుక్కలకు గోమార్ల కోసం వాడే పెర్మెత్రిన్ మందు కూడా పిల్లి పాలిట విషమే.

పెనుగులాటలో మీకే పన్ను దిగితే, అప్పుడు మా శాఖ మొదలవుతుంది. పిల్లి పన్ను సూదిలాంటిది. పైకి చుక్కంత గాయం, లోపల లోతు. మర్నాటికి చెయ్యి వాచిపోవచ్చు. గీరినా కరిచినా సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు వైద్యుణ్ణి చూడండి. ఒమన్ నక్కల్లో రేబిస్ ఉంది. కనుక వీధిలో తిరిగే పిల్లి కాటును "మన పిల్లే గదా" అని వదిలేయకూడదు. పసుపు అద్ది ఊరుకోవడం వైద్యం కాదు.

శలవుల మాట కూడా చెప్పాలి. ఎండలు ముదిరి బళ్ళు మూసేసరికి మనలో సగం మంది ఇండియా విమానం ఎక్కుతాము. మందు వాడుతున్న పిల్లిని గుమ్మం బయట వదిలి వెళితే ఆ మందు ఎవరు వేస్తారు? ఎదురింటివారితో ముందుగా మాట్లాడి, రెండు మూడు రోజులు వారి చేతనే మీ ఎదుట వేయించండి. ఏ వేళకు ఏది అన్నది కాగితం మీద రాసిపెట్టండి. మందు సీసాను కారులో వదలకండి. జూన్ ఎండకు కారులో మందు నిలవదు.

పిల్లి గొడవ మాకెందుకు అనుకున్నవారికి చివరగా ఒక మాట. ఇండియా నుంచి విజిట్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలను, అత్తమామలను గమనించండి. బిళ్ళ నోట్లో వేసుకున్నట్టే వేసుకుని, మనం అటు తిరగగానే తీసి కొంగున ముడివేసుకునే పెద్దవారు ఉన్నారు. మనం కసురుకుంటాము. వారు ఇంకా గట్టిగా దాస్తారు. అడిగి చూస్తే కారణాలు బయటపడతాయి. ఒకరికి రక్తపుపోటు బిళ్ళతో పొడిదగ్గు వస్తోంది. ఒకరికి ఆ బిళ్ళ వేసుకుంటే మాటిమాటికీ బాత్‌రూముకు పోవాలి. అల్లుడి కారులో ఎక్కడ ఆపమంటారు? మరొకరు తెచ్చుకున్న మందు తిరుగు ప్రయాణం దాకా రావాలని రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. వీటిలో ప్రతిదానికీ ఉపాయం ఉంది. దగ్గు రాని మందు ఉంది, వేళ మార్చవచ్చు, ఇక్కడే మందు కొనిపెట్టవచ్చు. పిల్లి తన కారణం చెప్పలేదు గనుక దానికి వంజరం ఉండలు, టవల్ చుట్టలు. పెద్దవారు చెప్పగలరు. పక్కన కూర్చుని ఒక్కసారి "ఎందుకమ్మా వద్దంటున్నావు?" అని అడగాలి.

ఈ నెలకు ఇంతే. వచ్చే నెల రంజాన్ ఉపవాసం ఉండే స్నేహితులకూ, ఏకాదశి ఉపవాసం ఉండే మన పెద్దలకూ చక్కెర వ్యాధి మాత్రల వేళలు ఎలా సర్దుకోవాలో ముచ్చటించుకుందాము. ప్రశ్నలుంటే చీటీ మీద రాసి కార్యదర్శిగారికి అందజేయండి. పిల్లుల ప్రశ్నలైనా సరే.