ఊపిరి పరీక్ష - ఊరి పెద్దలు

కృష్ణా డెల్టాలో పెక్కు బాటలు కాలువగట్ల వెంబడి సాగును. ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క పల్లపు పొలము. బందరునుండి గుడివాడకైనను, దివిసీమకైనను రాత్రివేళ పయనించువారికి ఈ సంగతి చెప్పవలసిన పని లేదు. ఇట్టి మార్గమున త్రాగినవాడు చక్రము పట్టినచో ప్రాణాపాయము వానికి మాత్రమే కాదు; ఎదురుగా సైకిలుపై వచ్చు కూలివానికిని, అరుగుపై గూర్చున్న వృద్ధునికిని గూడ. కావున వాహనమును నిలిపి, నడుపువాని ఊపిరిని పరీక్షించు అధికారము పోలీసుల కుండుట సమంజసమే. అయితే ఆ అధికారము న్యాయముగ నడచిననాడే దానికి గౌరవము.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము, 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నట్లు పరీక్షలో తేలినచో నేరమగును. 2019లో సవరణ జరిగిన పిమ్మట మొదటి తప్పునకే 6 నెలలవరకు ఖైదు, లేక 10,000 రూపాయల జరిమానా, లేక రెండును విధింపవచ్చును. ఇంతటి శిక్షకు మూలము ఒక చిన్న యంత్రము. త్రాగిన మద్యము రక్తమున గలిసి, ఊపిరితిత్తులను జేరి, శ్వాసతో వెలువడును. దానినిబట్టి యంత్రము రక్తములోని పాలును లెక్కగట్టును. కాని నోటిలో అప్పుడే మిగిలిన మద్యసారము, అది పుక్కిలించిన మందుదైనను సరే, యంత్రమును భ్రమింపజేయగలదు. పావుగంట ఆగి మరల ఊదించినచో ఆ భ్రమ తొలగును. యంత్రమును కాలానుసారముగ సరిచూడకున్నచో అది చూపు అంకెకు సాక్ష్యబలము తగ్గును.

ఈ కారణముననే చట్టము కొన్ని కట్టుబాట్లను విధించినది. ఈ నేరమునకై నిర్బంధింపబడినవానిని 2 గంటలలోగా వైద్యపరీక్షకు గురిచేయవలెను, లేనిచో విడిచిపెట్టవలెను. రక్తపరీక్షకును చట్టమున చోటున్నది. 2021 నవంబరులో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము, త్రాగినవానిని వాహనము నడుపనీయరాదనియు, అయినను దానిని త్రాగని తోడివానికో, బంధువునకో అప్పగింపవలెనే గాని త్రాగి నడిపిన కారణమున స్వాధీనపరచుకొనరాదనియు తీర్పు చెప్పినది. ఆ తీర్పులోని నీతి మన మండలమునకును గ్రాహ్యమే.

ఇది పోలీసుల ధర్మము. మరి మన ధర్మ మేమి? మోటారు సైకిలుపై పట్టుబడిన కౌలుదారు కోర్టు మెట్లెక్కుచుండగా, కారులో పట్టుబడిన మోతుబరి కుమారునికొరకు ఠాణాలో టెలిఫోను మ్రోగినచో, ఆ పరీక్ష న్యాయపరీక్ష కాదు, పేదవానిపై పన్ను. యంత్రమునకు కులము తెలియదు, కమతము తెలియదు. దానికి ఆ భేదమును నేర్పునది మన సిఫారసే. కొడుకును విడిపించితిమని సంతసించు తండ్రి, వానిని మరునాటి రాత్రి మరల ఆ కాలువగట్టుమీదికే పంపుచున్నాడు. కల్లు దుకాణములయెదుట పికెటింగు జరిపి లాఠీదెబ్బలు తిన్నవారి గడ్డ యిది. పరప్రభుత్వపు పోలీసుల పక్షపాతమును నాడు నిందించిన మనము, స్వరాజ్యమున మన పోలీసులకు పక్షపాతమును నేర్పుట తగునా?

పోలీసువారు యంత్రమును సరిచూచిన తేదీని అడిగినవారికి చూపవలెను. పరీక్షాఫలితపు చీటిని ఊదినవాని చేతికీయవలెను. పెద్దలు తమ సిఫారసులను మానుకొనవలెను. ఊదినవాడెవ్వడైనను కొలత యొక్కటే కావలెను.