క్లినికల్ ట్రయల్స్: సంతకానికి ముందు అర్థం కావాలి

2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా అది. గిరిజన హాస్టళ్లలో ఉండే పిల్లలు కూడా వారిలో ఉన్నారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆ అధ్యయనాన్ని ఆపేశారు. మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం మరో సంగతి బయటపెట్టింది. 2,763 అంగీకార పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి!

టీకా మంచిదే కావచ్చు. మరి కన్నవాళ్లకు చెప్పకుండా ఎలా వేస్తారు? అసలు ప్రశ్న అదే.

ఆ తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి. 2019 నాటి కొత్త నియమాల ప్రకారం వివరాలు రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువు రానివాళ్లయితే సాక్షి ఉండాలి. పత్రం కాపీ రోగి చేతికివ్వాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి.

కాగితం మీద అంతా బాగానే ఉంది. చిక్కంతా మాట దగ్గరే. 'ఔషధ పరీక్ష' అంటే మనవాళ్లు రక్తపరీక్ష లాంటిదే అనుకుంటారు. 'కొత్త మందు' అనగానే పాతదానికన్నా మంచిదని నమ్ముతారు. పాతబస్తీలో దక్కనీ మాట్లాడే అమ్మకు గ్రాంథిక ఉర్దూ పత్రం ఇచ్చినా అదే గతి. అందుకే డాక్టర్ సూటిగా చెప్పాలి: "అమ్మా, ఈ మందు పనిచేస్తుందో లేదో మాకింకా తెలీదు. తెలుసుకోవడానికే ఇస్తున్నాం. కొందరికి మందు లేని ఉత్తి గోళీ రావచ్చు. ఎవరికేది అన్నది లాటరీలా తేలుతుంది. వద్దంటే మీ మామూలు వైద్యం ఆగదు." చెప్పాక, "మీకేం అర్థమైందో ఒకసారి చెప్పండి" అని అడగాలి. రోగి తన మాటల్లో చెప్పగలిగితేనే సంతకానికి విలువ.

ట్రయల్స్ లేకుండా కొత్త మందులు రావు, కాబట్టి భయపడి పారిపోనక్కర్లేదు. అడగడం మాత్రం మానొద్దు. ఇప్పుడున్న వైద్యం ఏంటి? నష్టమొస్తే బాధ్యత ఎవరిది? మధ్యలో మానేయొచ్చా? ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ ఏది? ఇంటికెళ్లి నలుగురితో మాట్లాడి రావడానికి టైమ్ అడగండి. ఆ టైమ్ కూడా ఇవ్వనివాళ్ల కాగితం మీద వేలిముద్ర వేయకండి.