కోర్ కాని పనులట!

మొన్న శనివారం మా పాత కాలేజీ మిత్రుల గ్రూపులో పెద్ద గొడవే అయింది. కారణం నేనే. మా యూనివర్సిటీ (పేరెందుకు లెండి) క్యాంపస్ మెయింటెనెన్సు మొత్తం, అంటే కరెంటు, నీళ్ళు, లిఫ్టులు, ఊడ్పు, తోటపని, సెక్యూరిటీ, అన్నీ కలిపి ఒకే ఏజెన్సీకి ఇచ్చేద్దామనుకుంటోందిట. హాస్టళ్ళ వరకూ మూడేళ్ళ క్రితమే ఇచ్చేసింది. ఇప్పుడు మిగతాదానికి పూర్వవిద్యార్థుల సంఘం కూడా సరేనంటే బావుంటుందని కబురంపారు. కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టి వద్దన్నాను. అంతే, అందరూ నామీద పడ్డారు.

"యూనివర్సిటీ పని చదువు చెప్పడం, కుళాయిలు బిగించడం కాదు. కోర్ కాని పనులు బయటికిచ్చెయ్యాలి. అయినా అవుట్‌సోర్సింగ్ కూడు తినేవాడివి, నువ్వే ఇలా అంటే ఎలారా?"

నిజమే, ఇరవయ్యేళ్ళుగా నేను తింటున్నది ఆ కూడే. అందుకే ఆ వంట ఎలా వండుతారో నాకు తెలుసు.

ముందు ఒక సంగతి చెప్తాను. పోయినేడాది మా బ్యాచ్ అంతా కలిసినప్పుడు హాస్టల్లోనే దిగాం. పొద్దున్నే ఒక బ్లాకుకి నీళ్ళు రాలేదు. యాప్‌లో కంప్లయింటు పెట్టాం. ఏజెన్సీ కుర్రాడొచ్చాడు. పాపం, చేరి రెండు నెలలయిందిట, ట్యాంకు చూశాడు, మోటారు చూశాడు, తల గోక్కున్నాడు. అరగంటలో "మీ సమస్య పరిష్కరించబడినది" అని మెసేజీ వచ్చింది. కుళాయిలో మాత్రం గాలే!

మధ్యాహ్నం ఎవరో మా రోజుల్లో పంపు ఆపరేటరుగా పనిచేసిన పెద్దాయనకి ఫోన్ చేశారు. అందరం బాబాయ్ అనేవాళ్ళం. రిటైరయి అయిదేళ్ళు. ఆయన ఉద్యోగంలోకి మళ్ళీ ఎవర్నీ తీసుకోలేదు. స్కూటర్ మీద వచ్చాడు, మెస్సు వెనక ఒక సిమెంటు పలక ఎత్తించాడు. దానికింద వాల్వు. పది నిమిషాల్లో నీళ్ళు! ఆ వాల్వు ఏ డ్రాయింగులోనూ లేదు. ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు.

మన ప్రాజెక్టుల్లో ఒక టీం నుంచి ఇంకో టీంకి పని మారితే వారాల తరబడి కేటీ పెట్టుకుంటాం. డాక్యుమెంట్లు రాయిస్తాం, సంతకాలు తీసుకుంటాం. ముప్ఫయ్యేళ్ళ వయసున్న క్యాంపస్ చేతులు మారినప్పుడు బాబాయ్ దగ్గర కేటీ ఎవరు తీసుకున్నారు? ఎవరూ తీసుకోలేదు. ఎందుకంటే అది కోర్ కాదు కదా!

ఇక ఎస్సెల్లే సంగతి మీకు వేరే చెప్పాలా? పైకి పచ్చ, కోస్తే లోపలంతా ఎరుపు, పుచ్చకాయ అన్నమాట. టిక్కెట్టు మూయడానికి డబ్బులిస్తే టిక్కెట్టే మూస్తారు, లీకు ఎందుకు మూస్తారు?

సరే, డబ్బుల దగ్గరకొద్దాం. ఒక మనిషికి జీతం, పీఎఫ్ అన్నీ కలిపి 100 రూపాయలవుతోందనుకోండి. ఏజెన్సీ తన కమీషను 5 రూపాయలు వేసుకుందనుకుందాం. మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. దాదాపు 124 రూపాయలు. సొంత ఉద్యోగి జీతం మీద జీఎస్టీ లేదు. ఇలాంటి సేవలకి స్కూళ్ళకిచ్చిన మినహాయింపు యూనివర్సిటీలకి లేదు, కట్టింది ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కీ రాదు. మరి 24 రూపాయలు ఎక్కువ కట్టి కూడా "ఆదా" ఎక్కణ్ణుంచి వస్తోంది? రెండే దార్లు. మనిషికి తక్కువివ్వాలి, లేదా పదిమంది పని ఆరుగురితో చేయించాలి. పర్మనెంటు ఉద్యోగికి ఖర్చెక్కువ అంటారా? ఒప్పుకుంటాను. అయితే దాన్ని జీతం కోత అని పిలవండి, ఎఫిషియెన్సీ అనకండి.

ఇది మన ఊరి రోగమే కాదు. అమెరికాలో టెక్సస్ ఏ అండ్ ఎం 2012లో భోజనశాలలు, భవనాల నిర్వహణ, తోటపని, శుభ్రతా పనులన్నీ కంపాస్ గ్రూపుకి ఇచ్చింది. దాన్ని చూసి టెన్నెసీ గవర్నరు బిల్ హాస్లం రాష్ట్రంలోని క్యాంపస్‌ల నిర్వహణ కూడా బయటికిద్దామన్నాడు. జోన్స్ లాంగ్ లసాల్ అనే పెద్ద సంస్థతో ఒప్పందం కూడా అయింది. కాకపోతే చేరాలో వద్దో తేల్చుకునే హక్కు ఆయా క్యాంపస్‌లకి ఉంచారు. కార్మికులు, విద్యార్థులు, అధ్యాపకులు కలిసి రెండేళ్ళు పోరాడారు. 2017 అక్టోబరు 31న యూనివర్సిటీ ఆఫ్ టెన్నెసీ క్యాంపస్‌లు మాకొద్దు అనేశాయి. ప్రైవేటు రంగానికి పుట్టిల్లు అనుకునే దేశంలో, రిపబ్లికన్ గవర్నరు మాట కాదని!

లండన్ యూనివర్సిటీ ఇంకో పాఠం. అక్కడ శుభ్రతా సిబ్బంది, పోర్టర్లు బయటి కంపెనీల మనుషులు. ఒకే భవనంలో పనిచేసే సొంత ఉద్యోగులకున్న సిక్ లీవు, సెలవులు, పింఛను వీళ్ళకి లేవు. ఆ మూడింటికోసం 2012లో ఉద్యమం మొదలుపెట్టారు. సమ్మెలు, బహిష్కరణలు అయ్యాక 2019 నుంచి ఒక్కొక్క విభాగాన్నీ యూనివర్సిటీ తన ఉద్యోగులుగా తిరిగి తీసుకుంది. ఎన్నో ఏళ్ళు చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చారు.

ఇప్పుడు నా మిత్రుల ప్రశ్నకి జవాబు. మనకొచ్చిన అవుట్‌సోర్సింగ్, ఇదీ ఒకటేనా? అక్కడి పని సముద్రం దాటి మన దగ్గరకొచ్చింది. ఇక్కడ లేని ఉద్యోగాలు పుట్టాయి. పీఎఫ్, ఇన్సూరెన్సు, సెలవులు అన్నీ దొరికాయి. హాస్టల్ పైపు ఎక్కడికీ పోదు. ఆ చీపురు అదే, పట్టుకునే ఆవిడా ఆవిడే. మారేది పే స్లిప్పు మీద పేరు మాత్రమే. రెండేళ్ళకోసారి ఏజెన్సీ మారితే ఆవిడ సర్వీసు మళ్ళీ సున్నా నుంచి. మనకలా చేస్తే ఊరుకుంటామా?

చట్టం కూడా ఇప్పుడు మా మిత్రుల భాషే మాట్లాడుతోంది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన వృత్తి భద్రతా కోడు కోర్ పనుల్లో కాంట్రాక్టు కూలీలు వద్దంటూనే, పారిశుధ్యం, కాపలా, క్యాంటీను, తోటపని లాంటివి మామూలుగా కోర్ కావని తేల్చేసింది. కాని అదే చట్టం, కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొడితే అసలు యజమానే ఇవ్వాలనీ అంటోంది. 1970 నాటి పాత చట్టంలోనూ ఆ మాట ఉంది. అంటే బాధ్యత బయటికివ్వడం కుదరదు. ఇచ్చామనుకుని నిద్రపోవడం మాత్రమే కుదురుతుంది.

అయినా ఏది కోర్? నీళ్ళు రాని హాస్టల్లో, కంపు కొట్టే బాత్రూముల్లో, లిఫ్టు ఆగిన ఆరంతస్తుల బ్లాకులో ఒక్క వారం ఉండి, ఆనక చదువు ఒక్కటే కోర్ అని చెప్పండి చూద్దాం.

లిఫ్టు రిపేరుకి, ఏసీ ప్లాంటుకి బయటి నిపుణుల్ని పిలవద్దని నేననట్లేదు. అది అవసరం. రోజువారీ పనికి సొంత మనుషులుండాలి, డ్రాయింగులు యూనివర్సిటీ బీరువాలో ఉండాలి. బయటికివ్వక తప్పదంటే, ఏజెన్సీ మారినా మనుషులు మారకూడదని, ప్రతి నెలా జీతం, పీఎఫ్ పడ్డ రుజువు చూపించాకే బిల్లు పాసవ్వాలని కాంట్రాక్టులో రాయాలి. నాకొచ్చిన ప్రతిపాదనలో వీటిలో ఒక్కటీ లేదు. "వరల్డ్ క్లాస్" అన్న మాట మాత్రం నాలుగుసార్లుంది.

వచ్చే నెల మీటింగులో నేను చెయ్యెత్తను. బాబాయ్‌ని కూడా తీసుకెళ్దామనుకుంటున్నాను. వాల్వులన్నీ ఎక్కడున్నాయో కనీసం ఒక కాగితం మీదన్నా గీయిస్తాను. ఆయనకి డెబ్బై దగ్గరపడుతున్నాయి.

మీ కాలేజీల్లో పరిస్థితేంటో మీరూ చెప్పండి.