కాలిపోయిన రెసిస్టరు



మా సంఘములో ఒక విధవరాలైన తల్లి తన పాత బ్లాక్ అండ్ వైట్ టీవీని పాత సామాన్లవాడికి ఇచ్చేయవలెనా అని అడిగారు. భర్త పంట డబ్బుతో కొన్నది. కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. చూడవచ్చిన కుర్రవాడు కాలిన భాగము తీసి వైరుముక్క కలిపేస్తానన్నాడట. అలా ఎన్నడును చేయనియ్యకండి!

ఆ భాగము పేరు రెసిస్టరు. తెల్లని సుద్దముక్కవలె ఉండు దీనిని సిమెంటు రెసిస్టరు అందురు. కరెంటును కొంత అడ్డగించి, ఆ శక్తిని వేడిగా బయటకు విడుచుట దాని పని. సెట్టు వేయగానే కరెంటు ఒక్కసారి లోపలికి దూకకుండా కొన్ని సెట్లలో ఇదే ఆపుతుంది. దాని స్థానములో వైరు పెడితే డయోడ్లు పోతాయి, నిప్పు కూడా పుట్టవచ్చును. మన తాటాకు ఇండ్ల సంగతి మీకు తెలియనిది కాదు.

క్రొత్తది కొనునప్పుడు ఓములు పాతదానివే ఉండవలెను. వాట్లు తగ్గకూడదు. పాతదాని మీద అంకెలు చెరిగిపోతే సర్క్యూట్ పటము చూడవలెను గాని ఊహించి వేయకూడదు. 10 ఓముల గుండా అర ఆంపియరు పారితే రెండున్నర వాట్ల వేడి పుట్టును. అక్కడ 5 వాట్లది వేయవలెను. బోర్డు మాడకుండునట్లు కొంచెము ఎత్తుగా నిలిపి సోల్డరు చేయించండి. అది ఫ్యూజుగా కూడా పనిచేయు రకమైతే అదే రకము వేయవలెను.

అయితే అది ఎందుకు కాలింది? ఏండ్ల తరబడి వేడికి అరిగిపోయి ఉండవచ్చును. దాని తరువాతి భాగమేదైనా షార్టయి మోయలేని కరెంటు లాగి ఉండవచ్చును. అది చూడకుండ క్రొత్తది వేస్తే అదీ కాలును. నిర్గమకాండము 18వ అధ్యాయములో యిత్రో అల్లుని తప్పుపట్టి ఊరుకోలేదు, భారమును పంచమన్నాడు. మన ఇండ్లలో పెద్దకోడలు కోపిష్టిదైందని చెప్పుకొనేవారు ఆమె నెత్తిన ఎన్ని పనులున్నవో ఎన్నడైనా లెక్కించారా? సరే, టీవీ సంగతికి వత్తము.

ప్లగ్గు తీసినంత మాత్రాన అపాయము తీరదు. పెద్ద కండెన్సరులో కరెంటు నిలిచి ఉండును. పిక్చర్ ట్యూబుకు అంటిన రబ్బరు మూత క్రింద వేల వోల్టులుండును. అనేక పాత సెట్లలో లోపలి ఇనుప చట్రమే మెయిన్స్‌కు కలిసి ఉండును. కాబట్టి పని తెలిసినవాడే మూత తీయవలెను, పిల్లలు దగ్గర ఉండకూడదు.

బాగుచేసిన పిమ్మట 100 వాట్ల బల్బును సీరీస్‌లో పెట్టి చూపించమని అడగండి. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే మంచిది. పూర్తి కాంతితో అలాగే వెలుగుచుంటే షార్టు ఇంకను లోపలనే ఉన్నది, డబ్బు అప్పుడే ఇవ్వకండి.

ఇంకొక మాట. దూరదర్శన్ తన పాత పద్ధతి టవర్లను 2022 నాటికి దాదాపు అన్నిటిని మూసివేసినది. ఇంటిమీది యాంటెన్నాతో ఇప్పుడు బొమ్మ రాదు. సెట్‌టాప్ బాక్సుకు, ఈ టీవీకి మధ్య ఆర్.ఎఫ్. మాడ్యులేటరు అనే చిన్న పెట్టె కావలెను. రిపేరుకు ముందే దాని ఖర్చు కూడ కనుక్కోండి.