ముందు ఆయిల్ పంపు, తర్వాతే టర్బో

నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ చేతికి రాగానే చాలామంది ముందు చేసే పని ఒకటుంది. 1989లో వచ్చిన ఆర్32 మోడల్‌లో, టర్బో బూస్ట్‌ను అదుపు చేసే సన్నటి గొట్టంలో కంపెనీ ఒక చిన్న అడ్డు బిగించింది. దాన్ని పీకేస్తే బూస్ట్ పెరుగుతుంది, కారు ముందుకు దూకుతుంది. పైసా ఖర్చు లేదు. ఆ కారుకు ఇంతకంటే తొందరపాటు పని మరొకటి లేదంటాను.

అందులోని ఆర్‌బీ26డీఈటీటీ ఇంజిన్‌కు ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, 2,568 సీసీ. శక్తి 280 పీఎస్ అని చెప్పేవారు. అప్పట్లో జపాన్ కంపెనీలు ఆ అంకె దాటకూడదని తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి. సత్తా అంతకుమించి ఉందని ట్యూనింగ్ షాపులన్నిటికీ తెలుసు. 1990 నుంచి 1993 దాకా జపాన్ టూరింగ్ కార్ పోటీల్లో 29 పందేలకు 29 గెలిచిన కారు అది. ఆ చరిత్ర విన్నవాడి చేతులు ఊరుకోవు.

కానీ పందెం కారు వేరు, షోరూంలో అమ్మింది వేరు. రోడ్డు కారు టర్బోల్లో ఎగ్జాస్ట్ వైపు చక్రాలు సిరామిక్‌వి. తేలిక కాబట్టి చప్పున వేగం అందుకుంటాయి, కానీ పెళుసు. బూస్ట్ ఒక బార్ దాటించి సాగదీస్తే, ఆ వేడికీ వేగానికీ చక్రం ఊడి ముక్కలవుతుంది.

టర్బో పోతే కొత్తది వేసుకోవచ్చు. ఆయిల్ పంపు పోతే మాత్రం ఇంజినే పోతుంది. తొలినాళ్ళ క్రాంక్‌షాఫ్ట్‌లో పంపును తిప్పే అంచు (కాలర్) మరీ ఇరుకు. పంపు గేరుకు దాని పట్టు చాలదు. ఇంజిన్‌ను పదేపదే రెవ్ లిమిటర్ దాకా తీసుకెళ్తే ఆ గేరు పగులుతుంది. ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, బేరింగులు పట్టేస్తాయి. తర్వాతి క్రాంక్‌షాఫ్ట్‌లలో నిస్సానే ఆ భాగాన్ని వెడల్పు చేసింది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎక్కువసేపు హై ఆర్‌పీఎమ్‌లో నడిపితే ఆయిల్ సిలిండర్ హెడ్‌లోనే నిలిచిపోయి, కింద సంప్ ఖాళీ అవుతుంది. సరిగ్గా అప్పుడే పెద్ద మలుపు వచ్చిందంటే పంపు గాలి పీలుస్తుంది. అందుకే ట్రాక్ మీద నడిపేవాళ్ళు లోపల అడ్డుగోడలున్న పెద్ద సంప్ వేయిస్తారు.

వీటి గురించి ఎవరూ గొప్పలు చెప్పుకోరు. బానెట్ ఎత్తితే కనబడవు, ఫొటోకు అందవు. నాకు మాత్రం 600 హార్స్‌పవర్ అని చెప్పుకునే కారుకన్నా, వెడల్పు కాలర్, గట్టి పంపు గేర్లు వేయించి, ముప్పై ఏళ్ళ రబ్బరు గొట్టాలన్నీ మార్పించిన మామూలు బూస్ట్ కారంటేనే గౌరవం. గొట్టాలు, వైరింగ్ లాంటి పాత భాగాలను కంపెనీయే 2017 చివర్లో మళ్ళీ తయారు చేయించడం మొదలుపెట్టింది కాబట్టి దొరకవన్న సాకు కూడా తగ్గింది.

అమెరికాలో 25 ఏళ్ళు నిండిన కార్లను దిగుమతి చేసుకోవడానికి వీలుంది. అక్కడున్న మన కుర్రాళ్ళలో ఎవరైనా ఈ కారు మీద మనసు పడితే, డబ్బు కట్టేముందు ఆరు సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్ చేయించండి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో, ఆయిల్ పంపు ఏదో బిల్లులు చూపించమనండి. చూపించలేకపోతే పెద్ద టర్బోకని దాచుకున్న డబ్బు ముందు వాటికే పెట్టండి.